ఛాతీ తట్టి చూడటం: కోర్విజార్ వార్డులో కుదురుకున్న పాఠం

చూడటం, తాకటం, తట్టటం, వినటం. వైద్య విద్యార్థి కేసు చెప్పాలంటే ఈ వరుస తప్పదు. ఇందులో మూడోదైన పర్‌కషన్ (ఛాతీని తట్టి, ధ్వనిని బట్టి లోపలి జబ్బును పసిగట్టడం) పుట్టింది వియన్నాలో, పాఠంగా నిలబడింది పారిస్‌లో. ఆ రెంటి మధ్య దాదాపు అర్ధ శతాబ్దం వృథాగా పోయింది.

1761లో వియన్నా వైద్యుడు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ ఈ పద్ధతి మీద లాటిన్‌లో 95 పేజీల చిన్న పుస్తకం వేశాడు. వేళ్లు చాచి, దగ్గరగా చేర్చి, కొనలతో నెమ్మదిగా తట్టమన్నాడు. చొక్కాను బిగుతుగా లాగి దానిమీద తట్టాలి, లేదా చేతికి తోలు తొడుగు వేసుకోవాలి. ఒట్టి చెయ్యి ఒట్టి చర్మం మీద పడితే ఆ చప్పుడే లోపలి ధ్వనిని కమ్మేస్తుంది. శవాల ఛాతీలోకి నీళ్లెక్కించి, మట్టం ఎక్కడుందో పైనుంచి తట్టి సరిచూసుకున్నాడు కూడా. అయినా పట్టించుకున్నవాళ్లు అతి తక్కువ. 1770లో దాన్ని ఫ్రెంచ్‌లోకి తెచ్చిన రోజియెర్ ద లా షసాన్య్, తనకు ఈ పద్ధతిలో అనుభవమే లేదని ఒప్పుకున్నాడు.

లోపం పుస్తకంలో లేదు, అప్పటి చదువులో ఉంది. పారిస్ వైద్య ఫ్యాకల్టీలో పాఠమైనా పరీక్షైనా పుస్తకాల చుట్టూనే తిరిగేది. ధ్వనిలో తేడా చెవికి పట్టాలంటే రోజూ ఎన్నో ఛాతీలు తట్టాలి. విన్నది నిజమో కాదో తేలాలంటే, చనిపోయినవాళ్ల ఛాతీ తెరిచి చూడాలి. ఈ రెండూ ఒకేచోట దొరికితే తప్ప ఆ విద్య అబ్బదు.

అలాంటి చోటును నడిపినవాడు జాన్ నికోలా కోర్విజార్. 1755లో ద్రికూర్ గ్రామంలో పుట్టాడు. తండ్రి న్యాయశాస్త్రం వైపు పంపాలనుకుంటే వైద్యం వైపు వచ్చి, 1782లో పట్టా పుచ్చుకున్నాడు. పారిస్‌లోని షారిటే ఆసుపత్రిలో రోగి మంచం పక్కనే పాఠం చెప్పిన దెబ్వా ద రోష్‌ఫోర్ 1786లో పోయాక, కొద్దికాలానికి ఆ బాధ్యత ఇతని చేతికొచ్చింది. విప్లవ ప్రభుత్వం 1792లో పాత ఫ్యాకల్టీలను రద్దు చేసి, 1794 డిసెంబరులో పారిస్, మోంపెలియే, స్ట్రాస్‌బూర్‌లలో కొత్త వైద్య పాఠశాలలు పెట్టింది. తక్కువ చదవాలి, ఎక్కువ చూడాలి, ఎక్కువ చేయాలి అన్నది వాటి సూత్రం. పారిస్‌లో క్లినికల్ పాఠం కోర్విజార్‌కే అప్పగించారు.

అతని వార్డులో మొదట రోగిని ప్రశ్నించాలి. తర్వాత ముఖం రంగు, ఊపిరి తీరు చూడాలి. గుండె మీద అరచెయ్యి ఆనించాలి, నాడి పట్టాలి, ఛాతీ తట్టాలి. జబ్బు ఇదీ అని విద్యార్థుల ముందే చెప్పేసేవాడు. రోగి చనిపోతే వాళ్లముందే శవపరీక్ష జరిగేది. గురువు మాట తప్పయితే దాచుకునే వీల్లేదు. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉందని మా నమ్మకం. మైట్రల్ కవాటం (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపు) దారి సన్నబడితే అరచేతికి సన్నని అదురు తగులుతుందని అతను గుర్తించింది ఈ క్రమంలోనే. ఆ అదురునే ఇప్పుడు థ్రిల్ అంటున్నాం. 1806లో వచ్చిన గుండెజబ్బుల గ్రంథం అతని పాఠాల నుంచి శిష్యుడు ఓరో కూర్చిందే.

వియన్నా వైద్యుడు స్టోల్ రచనల్లో పర్‌కషన్ ప్రస్తావన చూసి, ఏళ్ల తరబడి తట్టి చూశాకే కోర్విజార్ 1808లో ఆవెన్‌బ్రుగ్గర్ పుస్తకాన్ని తన వ్యాఖ్యతో ఫ్రెంచ్‌లో ప్రచురించాడు. కావాలంటే దీన్ని తన పేరుతోనే చలామణి చేసుకునేవాణ్నని, అలా చేస్తే అసలు కర్తకు అన్యాయమని ముందుమాటలో రాశాడు. అప్పటికి నెపోలియన్‌కు ప్రధాన వైద్యుడు కూడా అయినందువల్ల ఆ మాట యూరప్ అంతా విన్నది. ఆవెన్‌బ్రుగ్గర్ మరుసటి ఏడాదే కన్నుమూశాడు.

తట్టడానికి హద్దులున్నాయి. ఛాతీ గోడకు సుమారు 5 సెంటీమీటర్ల కంటే లోతున్న గడ్డ తెలియదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు కొద్దిగానే ఉంటే దొరకదు. ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బులో ఉబ్బిన ఊపిరితిత్తి గుండెను కప్పేసి, గుండె పెరిగినా తెలియనివ్వదు. కండ, కొవ్వు మందంగా ఉంటే ధ్వని మొద్దుబారుతుంది. 1816లో పారిస్‌లోని నెకేర్ ఆసుపత్రిలో కోర్విజార్ శిష్యుడు లెనెక్‌కు ఎదురైంది ఈ చివరి చిక్కే. గుండెజబ్బు లక్షణాలతో వచ్చిన ఒక యువతి లావుగా ఉండటంతో తట్టినా, చెయ్యి ఆనించినా పెద్దగా ఏమీ తెలియలేదు. వయసులో ఉన్న స్త్రీ గుండెకు చెవి ఆనించడం మర్యాద కాదు. అందుకని కాగితాల దస్తాను బిగుతుగా గొట్టంలా చుట్టి, ఒక కొన ఆమె ఛాతీకి, రెండోది తన చెవికి ఆనించాడు. స్టెతస్కోప్‌కు మొదలు అదే.