"మా మీద ప్రయోగాలు చేస్తున్నారా?": కాలేయ దానం, పక్షవాతం, ఆసుపత్రి పరిశోధనపై అపోహలు - వాస్తవాలు

విజయవాడలో రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా నాకు రెండు పనులు. కాలేయంలో కొంత భాగం ఇచ్చినవాళ్లు ఆ తర్వాత ఎలా ఉన్నారో కనుక్కుని రాయడం ఒకటి. పక్షవాతంతో వచ్చినవాళ్లకు ఏ గంటలో ఏం జరిగిందో నమోదు చేయడం రెండోది. ఈ రెండింటికీ కావలసిన అసలు సమాచారం స్కానింగ్ గదిలో కంటే ఇంటివాళ్ల దగ్గరే ఎక్కువ ఉంటుంది. అందుకే ఇంటివాళ్లతోనే మాట్లాడుతున్నాను.

అపోహ: రీసెర్చ్ అంటే మా మీద కొత్త మందులు వాడి చూడటమే.

నేను చేసే అధ్యయనాల్లో కొత్త మందే ఉండదు. డాక్టరు ఎలాగూ చేసే వైద్యం ఎలా పనిచేసిందో గమనించి రాసుకుంటాం, అంతే. దానికీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, అంటే పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే బృందం ఒప్పుకోవాలి. అందులో కనీసం ఏడుగురు ఉంటారు. అధ్యక్షుడు ఆ ఆసుపత్రికి చెందనివారై ఉండాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు తప్పనిసరి. కొత్త మందుల ట్రయల్ అయితే 2019 నాటి నిబంధనలు ఉన్నాయి, మొదలుపెట్టే ముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. మీరు సంతకం పెట్టకపోయినా, పెట్టి మధ్యలో మానేసినా మీ వైద్యం ఆగదు. ఈ మాట చెప్పకుండా ఎవరైనా కాగితం ముందు పెడితే సంతకం చేయకండి.

అపోహ: సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది, కాబట్టి పక్షవాతం కాదు.

ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. మెదడులో రక్తం కారితే సీటీలో వెంటనే తెల్లగా కనిపిస్తుంది. రక్తనాళం గడ్డతో మూసుకుపోయిన రకం మాత్రం మొదటి గంటల్లో సీటీలో ఏమీ కనిపించకుండానే ఉండొచ్చు. మరి సీటీ ఎందుకు ముందు తీస్తారంటే, రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి. అది ఉన్నవాళ్లకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదకొస్తుంది. షుగర్ బాగా పడిపోయినా చెయ్యి పడిపోయినట్టే ఉంటుంది కనుక వేలిమీద సూదితో గుచ్చి అదీ చూస్తారు. మూతి వంకర, పడిపోయిన చెయ్యి, తడబడే మాట, వీటితో పాటు "చివరిసారి ఎప్పుడు బాగున్నారు?" అన్న ప్రశ్నకు మీరిచ్చే జవాబు, ఇవన్నీ కలిస్తేనే నిర్ధారణ.

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతామో చెప్తాను. వన్‌టౌన్ కొండ మీద నుంచి ఒక పెద్దావిడను మెట్ల మీదుగా మోసుకుని దించి, ఉదయం 6.45కి తీసుకొచ్చారు. "రాత్రి పదింటికి పడుకుంది మేడమ్, ఆరింటికి చూస్తే ఇలా ఉంది" అన్నది కోడలు. నిద్రలో వస్తే లెక్క పడుకున్న వేళ నుంచే. అంటే దాదాపు తొమ్మిది గంటలు, ఇంజెక్షన్‌కు ఉన్న 4.5 గంటల గడువు దాటినట్టే. వెంట వచ్చిన పక్కింటామె అందుకుంది: "అదేంటమ్మా, అయిదింటికి కొళాయి దగ్గర నాతో మాట్లాడింది కదా!" ఆ ఒక్క మాటతో తొమ్మిది గంటలు కాస్తా రెండు గంటల లోపుకు వచ్చేశాయి. ఇంజెక్షన్ పడింది.

పెద్ద రక్తనాళం మూసుకున్న కొందరికి 24 గంటల వరకూ గొట్టంతో గడ్డను లాగే వీలుంది, కానీ అది అందరికీ కుదరదు. పావురం రక్తం రాయడం, నాటుమందు పోయడం మాత్రం వద్దు. మింగలేని మనిషి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. 108కి ఫోన్ చేయండి.

అపోహ: కాలేయం ఇస్తే జీవితాంతం రోగే. లేదా, మళ్లీ పెరుగుతుంది కాబట్టి భయమే లేదు.

రెండూ తప్పే. రెండోదాన్ని ఎక్కువగా దాతను ఒప్పించడానికి వాడతారు, అందుకే నాకు అదంటే ఎక్కువ భయం. పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు సాధారణంగా కుడి భాగం, అంటే కాలేయంలో 60 శాతం దాకా తీస్తారు. మిగిలింది కొన్ని నెలల్లో పరిమాణంలో దాదాపు మునుపటంత అవుతుంది, ఆకారం మాత్రం మారిపోతుంది. దాతకు జీవితాంతం మందులు అక్కర్లేదు. కానీ పైత్యరసం కారడం, ఇన్ఫెక్షన్, కోత దగ్గర హెర్నియా (కండ బలహీనపడి లోపలి భాగం బయటికి ఉబ్బడం) లాంటివి కొందరికి వస్తాయి. ప్రాణాపాయం చాలా అరుదు, అయినా సున్నా కాదు. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. అమ్మా, ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా వచ్చి కూడా మీరు వద్దనొచ్చు.

అపోహ: బాగానే ఉన్నాం కదా, ఫాలో అప్ ఎందుకు?

బాగున్నవాళ్లు రాకపోతే మా లెక్కల్లో ఇబ్బందులే మిగిలి, కొత్త దాతలు బెదిరిపోతారు. ఇబ్బంది పడ్డవాళ్లు వేరేచోట చూపించుకుంటే అంతా సవ్యంగా ఉందని రాసుకుంటాం. ఇది ఇంకా ప్రమాదం. తెనాలి వైపు నుంచి భర్తకు కాలేయం ఇచ్చిన ఒకామె ఆరు నెలల తర్వాత మానేసింది. రికార్డులో ఇబ్బందులేమీ లేవని ఉంది. రెండేళ్లకు ఫోన్లో మాటల మధ్యలో, "కోత దగ్గర ఉబ్బింది మేడమ్, ఆపరేషన్ అయినవాళ్లకి అంతేనేమో అనుకున్నా. బిందె ఎత్తితే నొప్పి" అంది. హెర్నియా. మర్నాడే రమ్మన్నాను, సర్జన్ చూశారు.

మా పనిలో తప్పును చెరిపేయకూడదు. పాత రాత కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తారీఖు వేసి సంతకం పెట్టాలి. "ఇబ్బందులేమీ లేవు" అన్నదాని మీద ఆ రోజు అలాగే గీత కొట్టాను.