కొత్త సైట్ లైవ్ అయింది, మెయిల్ ఆగిపోయింది: వెబ్ డిజైన్ ఆన్‌బోర్డింగ్‌లో అపోహలు - వాస్తవాలు

క్లయింట్ సరేనన్నాక మొదలయ్యే ఆన్‌బోర్డింగ్‌లో మాటలన్నీ రంగులు, ఫాంట్లు, హోమ్ పేజీ చుట్టూ తిరుగుతాయి. డొమైన్ ఎవరి దగ్గరుంది, మెయిల్ ఎక్కడ నడుస్తోంది అన్న సంగతి లాంచ్ ముందు రోజు రాత్రి గుర్తొస్తుంది. సైట్ మారిన పూటే "మాకు మెయిళ్లు రావట్లేదు" అంటూ వచ్చే ఫోన్‌కి మూలం చాలాసార్లు అదే.

అపోహ: డొమైన్ లాగిన్ ఉంటే చాలు, నేమ్‌సర్వర్లు మార్చేస్తే పని అయిపోతుంది.

సైట్ మారుతుంది, నిజమే. దాంతోపాటు మిగతావన్నీ మారిపోతాయి. నేమ్‌సర్వర్ అంటే డొమైన్ వివరాలకు జవాబు చెప్పే సర్వర్; దాన్ని మార్చారంటే పాత డీఎన్‌ఎస్ జోన్ (డొమైన్ రికార్డుల జాబితా) మొత్తం పక్కకు పోయినట్టే. మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్, పంపింది అసలువాళ్లేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం ఎవరో ఎప్పుడో పెట్టిన సబ్‌డొమైన్... ఇవన్నీ ఆ జోన్‌లోనే ఉన్నాయి. కొత్త హోస్టింగ్ వాటిని తనంతట తాను తెచ్చుకోదు. పైగా చాలా హోస్టింగ్ ప్యానెళ్లు తమ సొంత సర్వర్‌నే ఎంఎక్స్‌గా పెట్టేస్తాయి. వచ్చే మెయిళ్లు అక్కడికి వెళ్తాయి, అక్కడ ఆ మెయిల్‌బాక్సులే ఉండవు. పంపినవాళ్లకు "అలాంటి చిరునామా లేదు" అని తిరుగు జవాబు పోతుంది, క్లయింట్‌కి మాత్రం ఏమీ తెలియదు.

"ఆన్‌లైన్ టూల్‌తో స్కాన్ చేస్తే రికార్డులన్నీ దొరుకుతాయి" అనే మాట కూడా తెగ తిరుగుతోంది. దొరకవు. బయటి నుంచి డీఎన్‌ఎస్‌ని అడిగితే, మీరు పేరు చెప్పిన రికార్డుకే జవాబిస్తుంది. జాబితా మొత్తం ఇవ్వదు. స్కానర్లు బాగా వాడుకలో ఉన్న పేర్లను ఊహించి అడుగుతాయంతే. డీకిమ్ సెలెక్టర్, అంటే ఆ రికార్డుకి పెట్టే పేరు, మెయిల్ సేవ ఇష్టం, ఏదైనా ఉండొచ్చు. అది స్కాన్‌లో జారిపోతే మెయిళ్లు వెళ్తూనే ఉంటాయి, కానీ స్పామ్‌లో పడడం మొదలవుతుంది. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి మెయిల్ పంపేవాళ్లకు నిబంధనలు బిగించాక ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతోంది. అందుకే ప్రస్తుత డీఎన్‌ఎస్ ప్యానెల్‌లోకి వెళ్లి జోన్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ తీసుకోండి. ఎక్స్‌పోర్ట్ లేకపోతే ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్. డిజైన్ మొదలుకాక ముందే, మొదటి వారంలోనే.

అసలు నేమ్‌సర్వర్ల జోలికి వెళ్లాల్సిన అవసరమే చాలాసార్లు ఉండదు. డీఎన్‌ఎస్ ఉన్నచోటే ఉంచి, సైట్ ఉన్న సర్వర్‌ని చూపే 'A' రికార్డు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ రికార్డు మాత్రమే మార్చండి. లాంచ్‌కి ఒక రోజు ముందు వాటి టీటీఎల్‌ని (పాత జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300 సెకన్లకు తగ్గించండి. పాత టీటీఎల్ 86400 అయితే కనీసం 24 గంటల ముందే తగ్గించాలి, లేకపోతే తగ్గించి లాభం లేదు. ఇలా చేస్తే చాలామందికి నిమిషాల్లోనే కొత్త సైట్ కనిపిస్తుంది, తేడా వస్తే వెనక్కి వెళ్లడమూ అంతే తేలిక. ప్రతి మార్పుకీ "48 గంటలు పడుతుంది" అని చెప్పేది ఊరికే పట్టుకొచ్చిన మాట. ఆ రెండు రోజుల లెక్క నేమ్‌సర్వర్లకు వర్తిస్తుంది: డాట్ కామ్ రిజిస్ట్రీలో వాటి టీటీఎల్ 172800 సెకన్లు.

ఇక్కడ జారిపోయేవి మూడున్నాయి. పాత సర్వర్‌కి చూపే క్వాడ్ ఏ (AAAA, కొత్త తరం ఐపీవీ6 చిరునామా) రికార్డు మిగిలిపోతే ఐపీవీ6 ఉన్నవాళ్లకు పాత సైటే కనిపిస్తుంది. మీకు కొత్తది, క్లయింట్‌కి పాతది, ఇద్దరి మాటా నిజమే. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఎవరివ్వొచ్చో చెప్పే సీఏఏ రికార్డులో పాత సర్టిఫికెట్ సంస్థ పేరే ఉంటే కొత్త ఎస్ఎస్ఎల్ జారీ కాదు. ఇక ఎస్‌పీఎఫ్ ఒక డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. కొత్త సర్వర్ కోసం రెండోది పెడితే రెండూ చెల్లవు, ఉన్నదాంట్లోనే కలపాలి.

కాంటాక్ట్ ఫారం కథ వేరు. మెయిల్ వేరే చోట ఉన్నా, హోస్టింగ్ ప్యానెల్‌లో మెయిల్ రూటింగ్ "లోకల్" అని ఉంటే ఫారం నుంచి క్లయింట్ సొంత డొమైన్‌కి పోయే మెయిల్ సర్వర్ గడప దాటదు. మీ వ్యక్తిగత మెయిల్‌కి టెస్ట్ పంపి "వచ్చేసింది" అనుకుంటే ఈ తప్పు బయటపడదు. రూటింగ్ "రిమోట్" చేసి, టెస్ట్ క్లయింట్ మెయిల్‌బాక్స్‌కే పంపండి. ఫ్రం అడ్రస్ క్లయింట్ డొమైన్‌లోది, రిప్లై-టూలో ఫారం నింపినవాళ్లది ఉండాలి.

అపోహ: డొమైన్ డిజైనర్ పేరున ఉన్నా ఫర్వాలేదు.

ఇలా ఫర్వాలేదనుకున్న క్లయింట్లే తర్వాత భయపడుతూ అడుగుతారు. పాత డిజైనర్ ఫోన్ ఎత్తడం లేదు, డొమైన్ పోయిందా అని. చాలాసార్లు పోదు. ముందు ఆర్‌డాప్‌లో (డొమైన్ వివరాలు చూపే సేవ) వెతికితే రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసే సంస్థ) ఎవరో, గడువు ఎప్పుడో తెలుస్తుంది. డొమైన్ కొన్న రసీదు, పాత మెయిళ్లు వెతికిపెట్టుకుని రిజిస్ట్రార్‌ని అడగాలి. యజమాని పేరు మార్పు, రిజిస్ట్రార్ మార్పు రెండూ కావాలంటే వరుస జాగ్రత్త: పేరు మార్చగానే చాలాచోట్ల 60 రోజుల బదిలీ లాక్ పడుతుంది. రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) మెయిల్ అదే డొమైన్‌ది పెట్టొద్దు. గడువు దాటి డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది, రెన్యువల్ హెచ్చరికలు, పాస్‌వర్డ్ రీసెట్ లింకులు అన్నీ ఆ ఆగిపోయిన మెయిల్‌కే పోతాయి. డాట్ కామ్ లాంటివాటికి గడువు తీరి డిలీట్ అయినా 30 రోజుల రిడెంప్షన్ (తిరిగి దక్కించుకునే గడువు) ఉంటుంది, కానీ ఆ ఫీజు మామూలు రెన్యువల్ కంటే బాగా ఎక్కువ.

అపోహ: పాస్‌వర్డ్‌లన్నీ చాట్‌లో పంపించుకుంటే సరిపోతుంది.

రిజిస్ట్రార్, డీఎన్‌ఎస్, సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్, దాదాపు అన్నిట్లోనూ వేరే యూజర్‌ని చేర్చుకునే వీలుంది. అదే అడగండి. ఖాతా క్లయింట్‌ది, మీది ఆహ్వానం. అనలిటిక్స్ ప్రాపర్టీని మీ ఖాతాలో తెరిస్తే ప్రాజెక్టు ముగిశాక అప్పగింత గొడవే.

అపోహ: కంటెంట్ తర్వాత ఇచ్చినా డిజైన్ ఆగదు.

ఆగదు, కానీ రెండుసార్లు చేయాల్సి వస్తుంది. డమ్మీ టెక్స్ట్‌లో మూడు ముక్కల హెడింగ్‌కి కుదిరిన బాక్సులో అసలు హెడింగ్ రెండు లైన్లకు దిగుతుంది. మొత్తం కంటెంట్ అక్కర్లేదు. హోమ్, ఒక సర్వీస్ పేజీ, కాంటాక్ట్, ఈ మూడింటి అసలు మాటలు చేతికొచ్చాకే లేఅవుట్ మొదలుపెట్టండి. పాత సైట్ ఉంటే దాని యూఆర్‌ఎల్‌ల జాబితా కూడా ఇప్పుడే తీసుకోవాలి, పాత లింకుల్ని కొత్త పేజీలకు మళ్లించే 301 రీడైరెక్టులకు అది కావాలి. లోగో ఎస్‌వీజీలో (ఎంత పెద్దది చేసినా చెదరని ఫైల్) అడగండి.

యాభై ప్రశ్నల ప్రశ్నావళి పంపితే స్పష్టత వస్తుందన్నదీ భ్రమే. సగం ఖాళీగా తిరిగొస్తుంది. పది ప్రశ్నలు, ఒక కాల్, మాట్లాడినవన్నీ అదే రోజు మెయిల్‌లో. "చివరి మాట ఎవరిది?" అనేది ఆ పదిలో ఉండాలి. మూడో రివిజన్ తర్వాత కొత్తగా ఒక పార్టనర్ వచ్చి అభిప్రాయం చెప్పడం మొదలుపెట్టేది ఇది అడగనప్పుడే.