రెండు అంగుళాల మంచును చూసి నవ్వే ముందు

ప్రియమైన పిల్లలకు,

ఏళ్ల తరబడి మంచు ముఖం చూడని ఒక నగరంలో రెండు అంగుళాల మంచు కురిసింది. బడులు మూసేశారు, దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి, కార్లు రోడ్డు మీదే వదిలేసి జనం నడుచుకుంటూ ఇళ్లకు వెళ్లారు. ఆ వార్త చూసి మీరందరూ నవ్వుకున్నారు. "కెనడాలో మోకాలిలోతు మంచులో కూడా పిల్లలు బడికి వెళ్తారు కదా, వీళ్లకెందుకింత హడావిడి?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. రోడ్లు స్తంభించిపోవడం ఒకటి, మనుషులు బెంబేలెత్తిపోవడం మరొకటి. మొదటిదాన్ని చూసి నవ్వడం అన్యాయం. రెండోదాన్ని మాత్రం నేను వెనకేసుకురాను.

ముందు మంచు సంగతి తేల్చుకుందాం. మంచు ఎంత లోతుగా పడితే అంత ప్రమాదం అని మీరు లెక్క వేస్తున్నారు. ఆ లెక్క సరికాదు. సున్నాకు 15 డిగ్రీలు దిగువన ఉండే చలిలో పడిన మంచు పొడిగా ఉంటుంది, కాలి కింద కరకరలాడుతుంది, చక్రానికి కొంత పట్టు దొరుకుతుంది. సున్నా డిగ్రీల దగ్గర పడే మంచు అలా కాదు. అందులో నీరు కలిసి ఉంటుంది. చక్రాల కింద నలిగి కరుగుతుంది, రోడ్డు చల్లగా ఉంటే ఆ నీరే మళ్లీ గడ్డకట్టి పలచని పొర అవుతుంది. ఆ పొరలోంచి రోడ్డు నల్లగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. నడిపేవారికి అది తడి రోడ్డులాగే తోస్తుంది. వంతెనల మీద ఇది ఇంకా ముందే ఏర్పడుతుంది, ఎందుకంటే వంతెనకు కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది, అడుగున వెచ్చదనం ఇచ్చే నేల ఉండదు. తక్కువ చలి ఉండే ప్రాంతాల్లో పడేది ఎక్కువగా ఇలాంటి మంచే. పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు పొడి రోడ్డు మీద బ్రేకు వేస్తే దాదాపు 14 మీటర్లలో ఆగుతుంది. అదే కారు మంచుగడ్డ పొర మీద ఆగడానికి దాదాపు 100 మీటర్లు కావాలి. పొడి రోడ్డుకు ఘర్షణ గుణకం (చక్రానికి రోడ్డు మీద దొరికే పట్టును చెప్పే అంకె) 0.7 అనుకుని, మంచుగడ్డకు 0.1 అనుకుని వేసిన లెక్క ఇది. మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రంతో మీరూ వేయవచ్చు. బ్రేకు వేయాలని మెదడుకు తట్టేలోపు కారు దాటే దూరం ఇందులో కలపలేదు. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా ఈ లెక్కను మార్చలేడు. అతనికి తెలిసిందల్లా నెమ్మదిగా వెళ్లాలని. ముందు కారుకు చాలా దూరంగా ఉండాలని. అది తెలియని వాళ్లు చుట్టూ వందల మంది ఉన్నప్పుడు అతని అనుభవం కూడా అక్కరకు రాదు. చలిదేశాల నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లు, "మాకు ఇదొక లెక్కా" అని బయలుదేరి అదే వరుసలో ఇరుక్కుపోయేది ఇందుకే.

టైర్లూ ముఖ్యమే. మామూలు వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీల కంటే చల్లబడితే బిరుసెక్కి పట్టు తగ్గిపోతుంది. శీతాకాలపు టైర్ల రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. మీరు చెప్పిన కెనడాలోనే క్యూబెక్ ప్రావిన్సులో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు కార్లకు శీతాకాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఆ పిల్లలు మోకాలిలోతు మంచులో బడికి వెళ్లడం వెనుక ఆ చట్టం ఉంది. తెల్లవారకముందే మంచును పక్కకు నెట్టే యంత్రాలున్నాయి, ఉప్పు గిడ్డంగులున్నాయి, ఆ పని తెలిసిన సిబ్బంది ఉన్నారు. ఏడాదికి నాలుగు నెలలు వాడతారు కాబట్టి అంత ఖర్చు పెట్టినా వాళ్లకు గిట్టుబాటవుతుంది. మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి మంచు చూసే నగరం అన్ని యంత్రాలు కొని తుప్పు పట్టించుకుంటే, ఆ డబ్బు ఆసుపత్రికో మంచినీళ్లకో ఎందుకు పెట్టలేదని మనమే నిలదీస్తాం.

అట్లాంటాలో జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని అందరూ నవ్వులాటగా చెబుతారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉంది ఆ నగరం. 2014 జనవరి 28, మంగళవారం. పడింది రెండున్నర అంగుళాలకు కాస్త అటూ ఇటూ. మధ్యాహ్నం మంచు మొదలవగానే బడులు, ప్రభుత్వ కార్యాలయాలు, కంపెనీలు దాదాపు ఒకేసారి వదిలేశారు. సాయంత్రం అంతా విడివిడిగా ఇల్లు చేరాల్సిన నగరం మొత్తం ఒకే గంటలో రోడ్డెక్కింది. కార్లు కదలక నిలబడిపోయాయి. చక్రాల వేడికి కరిగిన మంచు చలికి మళ్లీ గడ్డకట్టింది. ఉప్పు చల్లాల్సిన బండ్లు కూడా ఆ కార్ల మధ్యే చిక్కుకున్నాయి. ఇక రోడ్లను బాగుచేసే దారే లేకపోయింది. వేలమంది పిల్లలు ఆ రాత్రి బడుల్లోనే పడుకున్నారు, కొందరు బస్సుల్లోనే గడిపారు. రహదారి మీద కారులోనే ఒక పాప పుట్టింది. మరుసటి రోజుకు గానీ ఇల్లు చేరని వాళ్లు ఎందరో.

ఇక్కడ తప్పు మంచుకు భయపడటంలో లేదు. అందరూ ఒకేసారి బయలుదేరడంలో ఉంది. అప్పటి మేయర్ కాసిం రీడ్ కూడా, అన్నింటినీ ఒకేసారి కాకుండా విడతలవారీగా వదలాల్సిందని తర్వాత ఒప్పుకున్నారు. ఆ రాత్రి దుకాణాలు తలుపులు తెరిచి ముక్కూమొహం తెలియని వాళ్లను లోపల పడుకోనిచ్చాయి. రోడ్డు పక్క ఇళ్లవాళ్లు కార్లలో ఉన్నవాళ్లకు నీళ్లు, తినడానికి ఏదో ఒకటి మోసుకెళ్లారు. నవ్వులాటగా చెప్పేవాళ్లు ఈ భాగం వదిలేస్తారు. నాకు ఆ కథలో అన్నింటికంటే విలువైనది ఇదే.

అట్లాంటా ఒక్కటే కాదు. 2005 జనవరిలో అమెరికాలోనే ఉత్తర కరోలినా రాష్ట్రంలోని రాలీ నగరంలో ఒక్క అంగుళం మంచుకే వేలమంది పిల్లలు బడుల్లో రాత్రి గడిపారు. 2016 జనవరి 20న వాషింగ్టన్‌లో పడిందీ అంగుళమే. రోడ్లకు ముందుగా సరిపడా ఉప్పు చల్లలేదు. వైమానిక స్థావరం నుంచి వస్తున్న అధ్యక్షుడు ఒబామా వాహన శ్రేణికి కూడా శ్వేతసౌధం చేరడానికి గంటకు పైగా పట్టింది. ముందుగా చల్లడం అన్నాను కదా, అదే అసలు కిటుకు. ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. మంచు పడకముందే రోడ్డు మీద ఉప్పునీళ్లు చల్లితే మంచు రోడ్డును అంటిపెట్టుకోదు. చలి మరీ ముదిరితే, సున్నాకు 9 డిగ్రీలు దిగువకు వెళ్లేసరికి, మామూలు ఉప్పు పని మందగిస్తుంది.

"మంచు సరే, అయినా అంత చిన్నదానికి..." అని ఇంకా అనిపిస్తోందా? 2022 జూలై 19న ఇంగ్లండ్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసింది. ఆ దేశంలో అంతకుముందెప్పుడూ అంత వేడి నమోదు కాలేదు. రైళ్లు రద్దయ్యాయి, నడిచినవి నెమ్మదిగా నడిచాయి. ముందు రోజు లూటన్ విమానాశ్రయంలో రన్‌వే పైపొర దెబ్బతిని విమానాలు ఆగాయి. 40 డిగ్రీలు మామూలైన దేశాల వాళ్లు అప్పుడు నవ్వారు. కానీ బ్రిటన్ రైలు పట్టాలను 27 డిగ్రీల దగ్గర ఒత్తిడి లేకుండా ఉండేలా బిగిస్తారు. అంతకంటే బాగా వేడెక్కితే పట్టా సాగాలని చూస్తుంది, చోటు లేక వంకర తిరుగుతుంది. ఎండ దేశాల్లో ఆ హద్దును ఎక్కువగా పెట్టుకుంటారు. ఏ ఊరైనా తనకు తరచుగా వచ్చే వాతావరణానికే తయారై ఉంటుంది. వాతావరణ శాఖలు కూడా దీన్ని లెక్కలోకి తీసుకుంటాయి. అమెరికాలో మంచు తుపాను హెచ్చరిక ఇవ్వడానికి ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువ మందం కావాలి, దక్షిణాది రాష్ట్రాల్లో చాలా తక్కువ సరిపోతుంది. అలా పెట్టడమే న్యాయం.

ఇక నేను వెనకేసుకురానని చెప్పిన రెండో సంగతి. మంచు వస్తుందనగానే దుకాణాలకు పరుగెత్తి పాలు, రొట్టెలు ఎగబడి కొనడం నాకు నచ్చదు. రేపు మధ్యాహ్నానికి కరిగిపోయే మంచుకు వారానికి సరిపడా సరుకులెందుకు? దుకాణం వాళ్లు రోజూ అమ్ముడయ్యేదాని కంటే కాస్త ఎక్కువ మాత్రమే అరల్లో పెట్టుకుంటారు. ప్రతి ఇంటివాళ్లూ ఒక్కొక్కటి అదనంగా తీసుకున్నా చాలు, సాయంత్రానికి అరలు ఖాళీ. ఖాళీ అర ఫొటో చూసి మరికొందరు పరుగెత్తుతారు. రాత్రి పని ముగించుకుని వచ్చిన నర్సుకో, రోజుకు సరిపడా మాత్రమే కొనగలిగే వాళ్లకో, పసిబిడ్డ పాల కోసం వచ్చిన తల్లికో ఏమీ మిగలదు. కొరత మంచు వల్ల రాలేదు, మన చేతుల వల్ల వచ్చింది.

అత్యవసర ఫోను సంగతీ ఇంతే. 2010 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని కెంట్ పోలీసులకు ఒకావిడ అత్యవసర నంబరులో ఫోన్ చేసి, ఇంటి ముందు తాను చేసిన మంచుబొమ్మను ఎవరో ఎత్తుకుపోయారని ఫిర్యాదు చేసింది. అది విని మీరు మళ్లీ నవ్వుతారని తెలుసు. కానీ అదే సమయంలో మెట్ల మీద జారిపడి లేవలేకపోతున్న ఒక ముసలాయన లైను దొరక్క ఎదురుచూస్తూ ఉండవచ్చు. జారిపడే వాళ్లు ఆ రోజుల్లో చాలా ఎక్కువ. పడుతూ పడుతూ చేయి ఆనిస్తారు, మణికట్టు విరుగుతుంది.

జాగ్రత్తను, కంగారును విడదీసి చూడమనేది ఇందుకే. అట్లాంటాలో ఆ జనవరి తర్వాత రెండు వారాలకే ఫిబ్రవరిలో మరో తుపాను వచ్చింది. ఈసారి ముందే అత్యవసర పరిస్థితి ప్రకటించారు, బడులు మూసేశారు, జనం ఇళ్లలోనే ఉన్నారు. రహదారులు ఖాళీగా ఉండటంతో ఉప్పు బండ్లు తిరగగలిగాయి. అలాంటి రోజున కిటికీలోంచి చూసి "ఏమీ కాలేదు, ఊరికే మూసేశారు" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏమీ కాకపోవడానికి మూసేయడం కూడా ఒక కారణమని వాళ్లకు తట్టదు. మంచు అనుకున్నంత పడని రోజులూ ఉంటాయి. ఆ రోజు సెలవిచ్చిన అధికారిని తిట్టకండి. వర్షమా మంచా అన్నది ఒక్క డిగ్రీ తేడాతో మారిపోతుంది. ఆయన నిర్ణయం తీసుకోవలసింది తెల్లవారకముందు.

బడి మూసేస్తే మాత్రం హాయిగా ఆడుకోండి. 2018 ఫిబ్రవరి 26న రోమ్ నగరంలో అరుదుగా పడే మంచు పడింది. బడులకు సెలవిచ్చారు, వీధులు శుభ్రం చేయడానికి సైనికులను రప్పించారు. ఆ పొద్దున వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చౌకులో మతగురువులు కూడా మంచు ముద్దలు చేసి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. దాన్ని నేను అతి అనను. ఎప్పుడో ఒకసారి వచ్చేదాన్ని చూసి పెద్దవాళ్లు కూడా కేరింతలు కొట్టడంలో తప్పేమీ లేదు.

బయటికి వెళ్లినప్పుడు అడుగులు చిన్నవిగా వేయండి. ఒంటి బరువు ముందు కాలి మీద ఆనేలా కాస్త ముందుకు వంగి నడవండి. చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు, తూలితే నిలదొక్కుకోవడానికి అవే కావాలి. పక్కింట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే, కావలసినవి ఉన్నాయో లేదో ముందు రోజే అడగండి.

మీలో పెద్దవాళ్లు ఇంకో రెండు మూడేళ్లలో బండి నడపడం మొదలుపెడతారు. 50 కిలోమీటర్ల వేగానికి లెక్క నేను వేశాను. అదే మంచుగడ్డ పొర మీద 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే కారు ఎంత దూరంలో ఆగుతుందో మీరు వేసి నాకు రాయండి. దూరం వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పాటు పెరుగుతుందని మరిచిపోవద్దు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య