బొమ్మలు ఫొటో తీయడానికి ఏ కెమెరా కొనాలి? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో చిత్రకారుల పెయింటింగులకు ఫొటోలు తీసిపెట్టడం నా పని. కేటలాగుకో, పోటీకి పంపడానికో బొమ్మలు తెస్తారు. పనిలో పనిగా, "మేమే ఒక కెమెరా కొనేసుకుంటే పోలా మాస్టారూ?" అంటారు. కొనుక్కోండి. కాకపోతే కొన్ని భ్రమలు వదిలించుకుని కొనండి.

అపోహ: మెగాపిక్సెళ్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

24 మెగాపిక్సెళ్ల కెమెరా 6000 × 4000 పిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 20 అంగుళాల పొడవు, 13 అంగుళాల పైచిలుకు వెడల్పు ప్రింటు వస్తుంది. కేటలాగుకి అది ఎక్కువే. పెద్ద కాన్వాసును అసలు సైజులో ప్రింటు తీసి అమ్ముకునేవాళ్లు మాత్రం 45 మెగాపిక్సెళ్ల వైపు చూడొచ్చు. ఇక ఫోన్ల మీద రాసే 108, 200 అంకెలు చూసి మోసపోకండి. అవి మామూలుగా పిక్సెళ్లను కలిపేసి 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే చేతిలో పెడతాయి.

అపోహ: కెమెరా ఖరీదైనదైతే రంగులు ఉన్నదున్నట్టు వస్తాయి.

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. సీతంపేట కొండల సవర చిత్రాన్నే తీసుకోండి. ఎర్రమట్టి నేల మీద సన్నటి తెల్ల మనుషులు. ఫ్రేమంతా ఎరుపే కనబడేసరికి ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తానే రంగులు సర్దడం) దాన్ని తగ్గించబోయి మట్టిరంగును పాలిపోయేలా చేస్తుంది. నేల ముదురుగా ఉంది కదా అని ఆటో ఎక్స్‌పోజర్ వెలుగు పెంచేస్తుంది. దాంతో తెల్లగీతలు ఉబ్బి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. లక్షలు పోసినా ఆటో బుద్ధి ఇంతే. అందుకే కొనేటప్పుడు అడగాల్సినవి: రా ఫైలు (కెమెరా సర్దుబాట్లు చేయని ముడి ఫొటో), మాన్యువల్ మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునేది), ఎరుపు-ఆకుపచ్చ-నీలాలను విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ (ముదురు నుంచి లేత దాకా ఏది ఎంతుందో చెప్పే గ్రాఫ్). ముందు అదే వెలుగులో గ్రే కార్డుని (రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) ఒక షాట్ తీసుకుని, తర్వాత బొమ్మను తీయండి. ఇంత చేసినా కొన్ని కోబాల్ట్ నీలాలు ఊదాకి తిరుగుతాయి. కెమెరాలో వెలుగుని పట్టే సెన్సర్ ఆ రంగుని మన కంటిలా చూడదు. అసలు బొమ్మ పక్కన పెట్టుకుని చేత్తో సరిచేయాల్సిందే.

అపోహ: ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజంత పెద్ద సెన్సర్) లేకపోతే పని జరగదు.

బొమ్మ కదలదు, కెమెరా ట్రైపాడ్ మీదుంటుంది, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 100. అంతకన్నా చిన్న సెన్సర్, అంటే ఏపీఎస్-సీ చాలు. సెకండ్‌హ్యాండ్ అయినా ఫర్వాలేదు. కాకపోతే మనది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి లెన్సుకి వెనక నుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెపోగుల్లాంటి తీగలు కనబడితే అది ఫంగస్, వదిలేయండి.

మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టండి. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు 18 ఎంఎం దగ్గర పటం అంచుల్ని బయటికి ఉబ్బిస్తుంది. 50, 60 ఎంఎం మ్యాక్రో (బాగా దగ్గర నుంచి తీయగల లెన్సు) అయితే అంచులు తిన్నగా వస్తాయి. లెన్సు రంధ్రం (అపర్చర్) తగ్గిస్తూ ఎఫ్/8 దగ్గర ఆగండి, ఎఫ్/16 దాటితే ఫొటో మెత్తబడుతుంది.

అపోహ: లెన్సుకి పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టర్) తగిలిస్తే ఆయిల్ పెయింటింగు మెరుపు పోతుంది.

సగమే పోతుంది. రంగు గడ్డకట్టిన చోట ఒక్కో కుంచెగీత ఒక్కో కోణంలో మెరుస్తుంది. చెరోపక్క 45 డిగ్రీల్లో పెట్టిన రెండు లైట్లకీ పోలరైజింగ్ ఫిల్మ్ వేసి, లెన్సు ఫిల్టర్‌ని దానికి అడ్డంగా తిప్పితేనే మొత్తం పోతుంది. అప్పుడు రంగు మందం కూడా మాయమై బొమ్మ అట్టముక్కలా తేలిపోతుంది. నేనైతే ఫిల్టర్‌ని కొంచెం వెనక్కి తిప్పి కాస్త మెరుపు ఉంచుతాను.

అపోహ: సైలెంట్ షట్టర్ (లోపల తెర కదలకుండా, చప్పుడు లేకుండా ఫొటో తీసేది) ఉంటే వణుకు ఉండదు కాబట్టి అదే మేలు.

మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీ సెకనుకి 100 సార్లు మినుకుతుంది. సైలెంట్ షట్టర్‌లో అది అడ్డచారలుగా పడుతుంది. మెకానికల్ షట్టర్, 1/50 సెకను లేదా అంతకన్నా నెమ్మది వేగం వాడండి. రెండు సెకన్ల టైమర్ పెడితే వణుకు సంగతి అదే చూసుకుంటుంది.

ఇంకొకటి. పొందూరు ఖాదీ లాంటి సన్నటి నేత మీద వేసిన బొమ్మలకి, లో-పాస్ ఫిల్టర్ (సెన్సర్ ముందు ఉండి సన్నటి వివరాలను కాస్త మెత్తబరిచే పొర) లేని కెమెరా ఒక్కోసారి రంగురంగుల అలలు పుట్టిస్తుంది. కెమెరా పాడైందని టెన్షన్ పడకండి. ట్రైపాడ్‌ని జానెడు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ తీసి, స్క్రీన్ మీద వంద శాతం పెద్దది చేసి చూసుకోండి.