జవాబు రాని ఆర్డరు

హైదరాబాద్

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఫోన్‌లో డబ్బు కట్టేటప్పుడు చక్రం తిరుగుతూ ఉండిపోతే మీరేం చేస్తారు? మళ్లీ నొక్కుతారు. షాపుల కంప్యూటర్లూ అంతే, కాకపోతే వాటికి ఎలా నొక్కాలో ముందే నేర్పాలి.

లాడ్‌బజార్‌లో ఒక గాజుల కొట్టు ఉందనుకోండి. వెబ్‌సైట్‌లో ఆర్డరు పడగానే డబ్బు వసూలు, కొరియర్ బుకింగ్, ఎస్సెమ్మెస్ వాటంతటవే జరగాలి. మూడూ మూడు వేర్వేరు కంపెనీల సర్వీసులు. ఏదో ఒకటి ఎప్పుడో మొండికేస్తుంది.

తప్పు ఫలానా అని చెబితే నయమే. సర్వీసు దాన్ని ఒక అంకెతో చెబుతుంది: 503 అంటే ‘ఇప్పుడు కాదు’, 429 అంటే ‘మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు’. ఆగి మళ్లీ అడగొచ్చు. 400 అంటే మనం పంపిందే తప్పు. పిన్‌కోడ్‌లో ఐదంకెలే ఉంటే వందసార్లు పంపినా అదే జవాబు.

అసలు చిక్కు ఉలుకూ పలుకూ లేనప్పుడే. పది సెకన్లు చూశాం. 450 రూపాయలు కట్ అయ్యాయా? మన కబురే దారిలో పోయిందో, పని జరిగి జవాబు పోయిందో ఇవతలి నుంచి తెలియదు. గుడ్డిగా మళ్లీ పంపితే 900 పోవచ్చు. అందుకే ముందుగా ఆర్డరుకు ఒక నంబరు వేసి, డేటాబేస్‌లో రాసుకున్నాకే డబ్బు అడగాలి. మళ్లీ అడిగినా అదే నంబరుతో. అవతలి సర్వీసు ఈ పద్ధతి పాటించేదైతే, ‘ఇది అయిపోయిందే’ అని పాత జవాబే ఇస్తుంది. ఈ నంబరు పేరు ఐడెంపొటెన్సీ కీ. నోరు తిరగదు, నిజమే! ప్రతి ప్రయత్నానికీ కొత్త నంబరు పుట్టిస్తే మాత్రం కీ ఉన్నా లేనట్టే.

ఆగడానికీ లెక్కుంది: 1, 2, 4, 8, 16 సెకన్లు, ప్రతిసారీ కాస్త అటూ ఇటూగా. లేకపోతే సర్వీసు లేవగానే, అమీర్‌పేట మెట్రోలో తలుపు తెరుచుకున్నప్పటిలా అన్ని కొట్లూ ఒక్కసారే మీద పడతాయి, అది మళ్లీ కూలుతుంది. ఎంతసేపు ఆగాలో సర్వీసే చెబితే ఆ మాట వినాలి. ఐదుసార్లయినా కాకపోతే ఆర్డరును పక్క వరుసలో పెట్టి మనిషిని పిలవాలి. ఎస్సెమ్మెస్ వెళ్లలేదని కొరియర్‌ను ఆపకండి; డబ్బు సంగతి తేలకపోతే ఆపండి.

2024 జూలై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెడి, ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కొట్లోనూ ఒక రసీదు పుస్తకం ఉండాలి. దాని మీదా నంబర్లు వేసుండాలి, తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఒకే ఆర్డరు రెండుసార్లు ఎక్కకుండా.

ఇట్లు,
తాతయ్య