బస్సు దిగినా దిగని భుజాలు

తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో కిందికి దిగే బస్సులో ఈసారి పక్కవాళ్లను గమనించండి. మలుపు దగ్గరపడగానే చేతులు ముందు సీటు రాడ్డును గట్టిగా పట్టుకుంటాయి. భుజాలు చెవుల దాకా లేస్తాయి. పళ్లు బిగుస్తాయి, ఊపిరి సగంలో ఆగుతుంది. మలుపు దాటాక ఎవరో "గోవిందా!" అంటారు, బస్సంతా అందుకుంటుంది. దాంతోపాటే బిగబట్టిన ఊపిరీ బయటికొస్తుంది.

పోయిన నెల నేను అలిపిరిలో దిగి టీ తాగుతూ చూసుకుంటే నా భుజాలు ఇంకా ఘాట్ రోడ్డులోనే ఉన్నాయి. వాటిని కిందికి దించాల్సి వచ్చింది, వాటంతట అవి దిగలేదు.

ఈ ముడుచుకోవడం భయపడ్డ మనిషి శరీరంలో పుట్టుకతో ఉన్నదే. ల్యాండిస్, హంట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మనుషుల దగ్గర ఉన్నట్టుండి పిస్తోలు పేల్చి, వేగంగా తీసే కెమెరాలతో చిత్రీకరించారు. 1939లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఎవరిని చూసినా దాదాపు ఒకటే వరస: కళ్లు మూసుకుంటాయి, తల ముందుకొస్తుంది, భుజాలు లేచి ముందుకు ముడుచుకుంటాయి, మోచేతులు వంగుతాయి, పొట్ట బిగుస్తుంది, మోకాళ్లు కొద్దిగా మడత పడతాయి. ఆలోచించి చేసేది కాదిది. మెడనూ పొట్టనూ కాపాడుకునే ఏర్పాటులా కనిపిస్తుంది.

ఆపద కాసేపు నిలిస్తే అడ్రినలిన్ అనే హార్మోను రంగంలోకి దిగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం మళ్లుతుంది. కొట్లాటకో పరుగుకో శరీరం ఇలా సిద్ధమవుతుందని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే రాశాడు. చిక్కంతా ఎక్కడంటే, బ్యాంకు నుంచి ఈఎంఐ మెసేజ్ వచ్చినప్పుడు మనం కొట్లాడేదీ లేదు, పరుగెత్తేదీ లేదు. కుర్చీలో కూర్చునే ఉంటాం. సిద్ధమైన కండరం సిద్ధంగానే ఉండిపోతుంది.

మా మేనత్త కొడుకు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. సీజన్‌లో తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటాయి. తూకం దగ్గర గొడవ, రేటు దగ్గర గొడవ, చెవి దగ్గర ఎప్పుడూ ఫోను. జూన్‌లో ఒక రాత్రి ఫోన్ చేసి, "మెడలో నరం పట్టేసింది బావా, తల తిప్పేదానికి కావట్లేదు" అన్నాడు. మనం నరం అంటాం కానీ, ఇలాంటప్పుడు ఎక్కువగా పట్టేసేది కండరం. అందులోనూ ట్రపీజియస్. తల వెనక నుంచి భుజాల మీదుగా నడిమి వీపు దాకా కండువాలా పరుచుకుని ఉంటుంది. మనిషికి ఎలక్ట్రోడ్లు అతికించి నోటి లెక్కలు చేయమంటే, చేతులకు ఏ పనీ లేకపోయినా ఈ కండరంలో విద్యుత్ సంకేతాలు పెరగడం ప్రయోగాల్లో కనిపించింది. మావాడు మోసే బరువు ఎంతని అడిగితే ఒక పెన్ను, ఒక ఫోను. భుజం పడే శ్రమ మాత్రం వేరే.

అంత చిన్న శ్రమకు అంత నొప్పి ఎందుకు? దీనికి స్వీడన్‌కు చెందిన హెగ్ అనే పరిశోధకుడు 1991లో ఒక ఊహ ముందుకు తెచ్చాడు. నాకు బాగా నచ్చిన ఊహ. కండరంలో పోగులన్నీ ఒకేసారి పని చేయవు. కొద్దిపాటి పనికి ముందు చిన్న పోగులు లేస్తాయి, శ్రమ పెరిగితేనే పెద్దవి తోడొస్తాయి. పని తగ్గేటప్పుడు పెద్దవి ముందు విశ్రాంతికి వెళ్తాయి, చిన్నవి చివరిదాకా ఉంటాయి. ఆయన వాటికి సిండ్రెల్లా పోగులని పేరు పెట్టాడు. మన ఇళ్లలో అయితే చిన్నకోడలు అనేవాళ్లం: అందరికంటే ముందు లేచి, అందరూ పడుకున్నాక పడుకునే మనిషి. టెన్షన్ సన్నగా రోజంతా సాగితే ఈ పోగులకు సెలవే దొరకదు.

ఇలాంటి మనిషికి ఇంట్లో అందరూ ఇచ్చే సలహా "నిటారుగా కూర్చో". నాకు దీనిమీద పెద్ద గురి లేదు. తల బరువు సుమారు 5 కిలోలు, ఫోను కోసం 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందనే బొమ్మ అందరి వాట్సాప్‌లోనూ తిరిగింది. అది 2014లో ఒక వెన్నెముక సర్జన్ కంప్యూటర్ నమూనాతో కట్టిన లెక్క, మనుషుల మెడలో కొలిచింది కాదు. వంగి కూర్చున్నవాళ్లందరికీ మెడ నొప్పి రాదు, నిటారుగా ఉన్నవాళ్లకు రాకుండానూ పోదు. బిగుసుకున్న మనిషిని నిటారుగా కూర్చోమంటే, ఉన్న బిగువు మీద ఇంకో బిగువు చేరుతుంది, అంతే. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు గుడ్డ మీదికి వంగకుండా గీత గీయలేరు. వాళ్లను వంగొద్దనడం కన్నా, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయమనడం మేలు.

ముందు బిగువు ఎక్కడుందో తెలియాలి. షికాగోలో పనిచేసిన ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టరు పట్టుకున్నది ఇదే. బిగుసుకున్న సంగతే మనిషికి తెలియదు కాబట్టి, కావాలని ఇంకా బిగించి వదలమన్నాడు. 1929లో దీనిమీద పుస్తకమే రాశాడు. ఈ పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉన్న తీరు ఇది: భుజాలను చెవుల దాకా ఎత్తి ఐదు సెకన్లు పట్టి ఉంచండి, ఒక్కసారిగా వదిలేయండి, ఇరవై సెకన్లు ఊరకే ఉండండి. పిడికిళ్లకు, నుదుటికి, పొట్టకు కూడా ఇంతే. నొప్పి పుట్టేంత బిగించక్కర్లేదు. దవడకు ఇంకా తేలిక గుర్తు ఉంది. పెదవులు మూసి ఉన్నా పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఇది చదువుతూ మీ పళ్లు తాకుతున్నాయేమో చూసుకోండి.

ఇక ఊపిరి. టెన్షన్‌లో పైపైన ఎగశ్వాస తీస్తాం, ఛాతీని పైకి లాగే పని మెడ కండరాల మీద పడుతుంది. నిదానంగా వదిలితే ఈ పని తగ్గుతుంది. పైగా ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి పట్టు పెరిగి గుండె కాస్త నెమ్మదిస్తుంది. మనకు తెలియకుండానే గంటకు పన్నెండు సార్ల దాకా నిట్టూరుస్తాం. ఊపిరితిత్తుల్లో మూసుకుపోయిన గాలి తిత్తులను తెరవడానికి శరీరం పెట్టుకున్న ఏర్పాటది. "హమ్మయ్య" అనే మాటను నిదానంగా పలికి చూడండి, దాదాపు మొత్తం వదిలే ఊపిరే. బస్సులో గోవింద నామానికీ ఇదే లెక్క వర్తిస్తుందని నా అనుమానం. భక్తుల మాట భక్తులది.

నడక సంగతికొస్తే అలిపిరి మెట్లు 3,550, అవన్నీ ఎక్కమని కాదు. చేతులు ఊపుతూ నడిచినప్పుడు భుజం కండరం బిగిసి, వదిలి, మళ్లీ బిగుస్తుంది. ఆ వదిలే క్షణంలో రక్తం బాగా ఆడుతుంది. కదలకుండా బిగుసుకున్న కండరంలో ఆ వీలు తక్కువ.

అయితే అన్నీ టెన్షన్ ఖాతాలో వేయకూడదు. చేతిలోకి తిమ్మిరి దిగినా, పట్టు సడలి వస్తువులు జారుతున్నా డాక్టరుకు చూపించాలి. ఛాతీ బరువుతో పాటు దవడో ఎడమ చెయ్యో లాగి చెమట పడితే భుజాలు ఎత్తి దించుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మావాడికి ఇదంతా ఫోన్లో చెప్పాను. సీజన్ ముగిశాక చిత్తూరు బస్టాండులో కలిశాడు. మెడ ఎలా ఉందని అడిగాను.

"ఏ మెడ బావా?" అన్నాడు.