యుద్ధనౌకల్లో ఆస్బెస్టాస్: 1941లోనే తెలిసిన ముప్పు

1970 నుంచి 1974 వరకు అమెరికా నౌకాదళాధిపతిగా పనిచేసిన ఎల్మో జుంవాల్ట్ 2000 జనవరి 2న మీసోథెలియోమాతో మరణించారు. ఊపిరితిత్తుల పైపొరకు సోకే ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణం ఆస్బెస్టాస్ అనే పీచులాంటి ఖనిజపు ధూళి. దళాధిపతినే వదలని జబ్బు ఇంజిన్ గది సిబ్బందిని వదులుతుందా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి యుద్ధనౌకల్లో చాలావరకు ఆవిరితో నడిచేవి. బాయిలర్ నుంచి టర్బైన్ దాకా గొట్టాలన్నిటికీ ఆస్బెస్టాస్ చుట్టేవారు. వేడిని ఆపుతుంది, నిప్పంటుకోదు, పైగా చవక. మరమ్మతు వస్తే ఆ చుట్టును కోసి తీయాలి. ఆవిరి కారకుండా అతుకుల మధ్య పెట్టి, మాడి అంటుకుపోయిన గ్యాస్కెట్లను గోకి, వైరు బ్రష్షుతో రుద్దాలి. గాలి సరిగా ఆడని ఇనుప గదిలో ఆ పీచు అలాగే తేలుతుంటుంది. డ్యూటీ దిగినా నావికుడు ఓడలోనే ఉండాలి. పడకల మీదుగానూ గొట్టాలు వెళ్లేవి.

ఈ ప్రమాదం అప్పట్లో ఎవరికీ తెలియదనడం అబద్ధం. బ్రిటన్ 1931లోనే ఆస్బెస్టాస్ కర్మాగారాల ధూళిపై నిబంధనలు పెట్టింది. 1941 మార్చిలో అమెరికా నౌకాదళ వైద్యాధికారి స్టీఫెన్సన్, నౌకాదళంలో ఆస్బెస్టాస్ పనివాళ్లను కాపాడాల్సినంతగా కాపాడటం లేదని పై అధికారికి రాతపూర్వకంగానే చెప్పారు.

నన్ను ఎక్కువగా బాధించేది 1946 నాటి అధ్యయనం. అమెరికా నౌకా నిర్మాణ కేంద్రాల్లో గొట్టాలకు ఆస్బెస్టాస్ చుట్టే 1,074 మందిని పరీక్షించి, ముగ్గురికే ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ ధూళితో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) ఉంది కాబట్టి ఈ పని ప్రమాదకరం కాదని తేల్చారు. ఆ ముగ్గురూ ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేసినవారు. మిగతావారిలో అత్యధికులకు పదేళ్ల అనుభవం కూడా లేదు. మీసోథెలియోమా బయటపడటానికే ఇరవై నుంచి యాభై ఏళ్లు పడుతుంది. విత్తిన మర్నాడే పంట లేదని రాసుకోవడం కాదా ఇది? ఓడల్లో బతికే నావికులనైతే ఆ లెక్కలోకే తీసుకోలేదు.

ఆస్బెస్టాస్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, 1964లో న్యూయార్క్‌లో సెలికాఫ్ అనే వైద్య పరిశోధకులు సాక్ష్యాలు ముందుంచాకే పరిస్థితి కదిలింది. 1970లలో కొత్త నౌకల్లో వాడకం తగ్గింది కానీ పాతవి తిరుగుతూనే ఉండేవి.

సైనిక సేవలో కలిగిన హానికి ప్రభుత్వంపై దావా వేసే వీలు లేదని 1950లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో బాధితులు పంపులు, టర్బైన్లు అమ్మిన కంపెనీలపై కోర్టుకెక్కారు. ఆస్బెస్టాస్‌ను తర్వాత నౌకాదళమే అమర్చుకుందని కంపెనీలు వాదించాయి. అది లేనిదే యంత్రం పనిచేయనప్పుడు, దాంతో ప్రమాదమని తెలిసిన కంపెనీకి హెచ్చరించాల్సిన బాధ్యత ఉంటుందని 2019లో అదే కోర్టు 6-3 మెజారిటీతో తీర్పునిచ్చింది. దావా వేసిన ఇద్దరు నావికులూ అప్పటికే చనిపోయారు.